ఫోటోగ్రఫీ చరిత్ర ఎక్కడ మొదలుపెట్టాలి? ముందు ఒక పాత ఫోటోను చేతిలోకి తీసుకోండి

మీ ప్రశ్న ఇది. ఆరు నెలల క్రితం కెమెరా కొన్నారు. సెలవు రోజుల్లో చార్మినార్ దగ్గరా, కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరా ఫోటోలు తీస్తున్నారు. ఈ విద్య ఎక్కడ పుట్టి ఎలా పెరిగిందో తెలుసుకుందామని ఒక లావుపాటి చరిత్ర పుస్తకం తెరిచారు. ఫ్రెంచి పేర్లు, ఇంగ్లిషు పేర్లు, సంవత్సరాలు వరదలా మీద పడ్డాయి. నలభై పేజీలు దాటేసరికి ఎవరు ఏమి కనిపెట్టారో అంతా కలగలిసిపోయింది. ఉద్యోగం మానేసి కాలేజీలో చేరే వీలు లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

నేను 1984లో సికింద్రాబాద్‌లోని ఒక స్టూడియోలో డార్క్‌రూమ్ (ఫోటోలు కడిగే చీకటి గది) సహాయకుడిగా చేరాను. తర్వాత సొంత స్టూడియో నడిపాను. కొన్నేళ్లుగా కొత్తవారికి ఈ విద్య నేర్పుతున్నాను. మీలాగే పుస్తకం మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవాళ్లను చాలామందిని చూశాను. తప్పు వాళ్లది కాదు. పేర్లనూ తేదీలనూ వరుసగా పేర్చితే అది పరీక్షకు పనికొస్తుంది గాని కంటికి పనికిరాదు. మీరు పేర్లన్నీ పక్కన పెట్టి, ఏ పాత ఫోటో కనిపించినా రెండే ప్రశ్నలు అడగండి: ఇది దేని మీద పడింది? పడటానికి ఎంతసేపు పట్టింది? ఫోటోగ్రఫీ చరిత్రలో ముప్పాతిక వంతు ఈ రెండు ప్రశ్నల్లోనే ఉంది. పేర్లు వాటంతట అవే వచ్చి వాటి చోట్లలో కూర్చుంటాయి.

మొదటి పాఠం మీ ఇంట్లోనే ఉంది. అమ్మమ్మ గారింట్లోనో నాయనమ్మ గారింట్లోనో పాత ట్రంకు పెట్టె ఉంటే తెరిపించండి. అడుగున మందపాటి అట్టకు అతికించిన పల్చటి కాగితం ఫోటో, తేనె రంగుకు తిరిగినది కనిపిస్తే, అది కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం అయ్యే అవకాశం ఎక్కువ. ఆల్బుమెన్ ప్రింటు అంటారు. 1850లో ఫ్రాన్సులో వచ్చి, ఆ శతాబ్దం చివరి దాకా ప్రపంచమంతా అదే రాజ్యమేలింది. దాని పైన మరో ఫోటో ఉంటుంది. నలుపు తెలుపులో, ఏటవాలుగా పట్టుకుంటే నల్లటి చోట్ల వెండి పొరలా మెరుస్తుంది. ఆ మెరుపు నిజంగా వెండే. కాగితం మీద జెలటిన్ అనే జిగురు పదార్థపు పొరలో ఉన్న వెండి కాలక్రమంలో పైకి తేలి వచ్చింది. ఇంకా పైన, అరచేతిలో పట్టేంత చతురస్రపు ఫోటోలు ఉండవచ్చు. అవి చాలావరకు ఆగ్ఫా క్లిక్ లాంటి పెట్టె కెమెరాలతో తీసినవి. ఒక రీలుకు పన్నెండు ఫోటోలు. అన్నిటికన్నా పైన ఎర్రబారిన రంగుల ఫోటోలు, మీ అమ్మానాన్నల పెళ్లివి. ఒక్క పెట్టెలో వందేళ్లు పొరలు పొరలుగా పేర్చి ఉన్నాయి.

అందులో పాత ఫోటో ఒకటి తీసుకొని, పెద్దావిడ నుదుటి బొట్టు చూడండి. ఎర్రటి కుంకుమ నల్లగా పడి ఉంటుంది. ఎందుకంటే తొలినాటి రసాయనాలకు నీలి కాంతి మాత్రమే కనిపించేది. తర్వాత ఆకుపచ్చ కూడా కనిపించింది గాని ఎరుపు చాలాకాలం కనిపించలేదు. వాటి దృష్టిలో ఎరుపు అంటే చీకటే. డార్క్‌రూమ్‌లో ఎర్ర దీపం పెట్టుకొని పని చేయగలిగింది కూడా అందుకే. అదే కారణంగా ఆ కాలపు ఫోటోల్లో నీలాకాశం తెల్లగా, మబ్బు లేకుండా ఉంటుంది. పసుపు రాసిన పాదాలూ ముఖాలూ ఉన్నదానికన్నా నల్లగా పడతాయి. మన పెద్దలు ఫోటోల్లో కనిపించినంత నల్లగా ఉండేవారు కారు. అన్ని రంగులనూ చూడగల ఫిల్ము 20వ శతాబ్దంలో గాని వాడుకలోకి రాలేదు.

రెండో ప్రశ్న, ఎంతసేపు పట్టింది అన్నది, చదివితే అర్థం కాదు. ఒక రాత్రి మొజంజాహీ మార్కెట్ చౌరస్తాకు వెళ్లండి. కెమెరాను స్టాండు మీద బిగించి, షట్టర్‌ను ముప్పై సెకన్లు తెరిచి ఉంచండి. తీశాక తెర మీద చూడండి. అంత రద్దీలో బస్సులు, ఆటోలు, బైకులు ఉండవు. దీపాల గీతలు మాత్రం మిగులుతాయి. నడిచిపోయినవాళ్లు మాయమవుతారు. అరుగు మీద కదలకుండా కూర్చున్న మనిషి ఒక్కడే నిలుస్తాడు. ఇప్పుడు 1838లో లూయీ డగేర్ పారిస్‌లో ఒక పెద్ద వీధిని కిటికీలో నుంచి తీసిన చిత్రాన్ని వెతికి చూడండి. పట్టపగలు, జనంతో కిటకిటలాడే వీధి. ఫోటోలో నిర్మానుష్యం. ఒక మూల ఒకాయన కాలు ఎత్తి పెట్టి బూట్లు తుడిపించుకుంటూ అలాగే నిలబడ్డాడు కాబట్టి పడ్డాడు. ఫోటోలోకి ఎక్కిన తొలి మనుషుల్లో అతనొకడు. పేరు ఎవరికీ తెలియదు. చౌరస్తాలో మీరు చేసిన పని చేయకుండా ఆ బొమ్మ చూస్తే అదొక పాత ఫోటో. చేశాక చూస్తే ఒళ్లు జలదరిస్తుంది.

అంతకు ముందటిది ఇంకా పెద్ద నిరీక్షణ. ఫ్రాన్సులో నిసెఫోర్ నియెప్స్ 1826, 1827 ప్రాంతంలో ఒక లోహపు రేకుకు తారు లాంటి పదార్థం పూసి, కెమెరాలో పెట్టి, తన ఇంటి కిటికీలో నుంచి కనిపించే పెరటి వైపు తిప్పి వదిలేశాడు. ఎండ తగిలిన చోట ఆ పూత గట్టిపడింది. తగలని చోట లావెండర్ నూనెతో కడిగితే పోయింది. ఎనిమిది గంటలకు తక్కువ పట్టలేదని అంచనా. ఆ లోపల సూర్యుడు తూర్పు నుంచి పడమరకు జరిగాడు. అందుకే ఆ చిత్రంలో అటు గోడ మీదా ఎండ ఉంది, ఇటు గోడ మీదా ఎండ ఉంది. ఒక రోజు మొత్తం ఒకే బొమ్మలో కూర్చుంది. ఇప్పుడది అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఉంది.

నియెప్స్‌తో కలిసి పనిచేసిన డగేర్, వెండి పూసిన రాగి రేకును అయొడిన్ ఆవిరికి చూపి, ఫోటో తీసి, పాదరసం ఆవిరితో బొమ్మను పైకి తేల్చాడు. 1839 ఆగస్టు 19న ఫ్రెంచి ప్రభుత్వం ఆ పద్ధతిని లోకానికి వెల్లడించింది. ఫోటోగ్రఫీ పుట్టినరోజు అని మనం జరుపుకొనేది ఆ రోజునే. అద్దంలా మెరిసే ఆ రేకు ఎంత అందమైనదంటే, ఇప్పటికీ దానికి సాటి వచ్చే స్పష్టత అరుదు. కాని దానికి ఒక లోపం ఉంది. తీసినది ఒక్కటే. రెండో కాపీ లేదు.

ఇక్కడ కాస్త ఆగండి. నా దృష్టిలో అసలు మలుపు డగేర్ కాదు, ఇంగ్లండులో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్. ఆయన కాగితానికి ఉప్పునీరు పట్టించి, దాని మీద సిల్వర్ నైట్రేట్ పూసి, 1835లోనే తన ఇంటి కిటికీని తపాలా బిళ్ల కన్నా కాస్త పెద్ద బొమ్మగా తీశాడు. వెలుగు చోట నలుపు, నలుపు చోట వెలుగు. దానిని మరో కాగితం మీద పెట్టి ఎండ చూపితే అసలు బొమ్మ వస్తుంది. ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు వస్తుంది. దానికి నెగటివ్, పాజిటివ్ అనే పేర్లు స్థిరపరచింది ఆయన మిత్రుడు, ఖగోళ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్. బొమ్మ చెరిగిపోకుండా ఆపే హైపో అనే రసాయనం గుణాన్ని 1819లోనే కనిపెట్టింది కూడా హెర్షెలే. మా డార్క్‌రూమ్‌లో రోజుకు పదిసార్లు పలికిన మాట హైపో. ఫోటో అచ్చై పుస్తకాల్లోకి, పత్రికల్లోకి, పెళ్లిచూపులకు ఊరూరా తిరిగే కవర్లలోకి ఎక్కిందంటే, అది నెగటివ్ పెట్టిన భిక్ష. తన పనికి టాల్బట్ మొదట్లో వాడిన మాటల్లో ఒకదానికి అర్థం నీడరాత. మన తెలుగులో ఛాయాచిత్రం అంటాం. ఛాయ అంటే నీడే కదా! ఆ మాట విన్నప్పుడల్లా నాకు టాల్బట్ కిటికీ గుర్తొస్తుంది.

నెగటివ్ అంటే ఏమిటో చేతికి తెలియాలంటే ఒక ఆదివారం మేడ మీద నీలిముద్ర వేయండి. సైనోటైప్ అంటారు. ఇదీ హెర్షెల్ 1842లో కనిపెట్టినదే. రసాయనాల దుకాణంలో ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్ అని అడగండి. మొదటిది ఇరవై అయిదు గ్రాములు వంద మిల్లీలీటర్ల నీటిలో, రెండోది పది గ్రాములు మరో వంద మిల్లీలీటర్లలో విడివిడిగా కలిపి, వాడేటప్పుడు సమపాళ్లలో కలుపుకోవాలి. చేతులకు తొడుగులు వేసుకోండి. వంటింటి గిన్నెలు వాడవద్దు. యాసిడ్ దగ్గరికి తీసుకుపోవద్దు. గదిలో కర్టెన్లు వేసి, మామూలు బల్బు వెలుగులో, వెడల్పాటి కుంచెతో మందపాటి డ్రాయింగ్ కాగితానికి పూయండి. అప్పుడది లేత పసుపుపచ్చగా ఉంటుంది. చీకట్లో ఆరబెట్టండి. మర్నాడు పదకొండు గంటల ఎండలో దాని మీద ఒక వేపరెమ్మ పెట్టి, పైన గాజుపలక మూసి వదలండి.

ఏప్రిల్ ఎండకు మా మేడ మీద ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. కళ్లు తిప్పకుండా చూడండి. పసుపుపచ్చ ముందు పాచి రంగుకు తిరుగుతుంది. తర్వాత నీలం, ఆ పైన బూడిద రంగు. రెమ్మ తీస్తే కింద మాత్రం ఇంకా పచ్చగానే ఉంటుంది. బకెట్ నీళ్లలో ముంచండి. పసుపు నీళ్లు కారిపోతూ ఉండగా బూడిద పోయి నీలం తేలుతుంది. వేపాకు రంపపు అంచు ఒక్కొక్క పన్నూ తెల్లగా మిగులుతుంది. మొదటిసారి చేసినవారెవరూ ఆ బకెట్ దగ్గర మాట్లాడగా నేను చూడలేదు. 1843లో ఇంగ్లండులో అన్నా అట్కిన్స్ అనే ఆవిడ సముద్రపు నాచు మొక్కలను సరిగ్గా ఇలాగే ముద్రలు తీసి పుస్తకంగా కూర్చింది. ఫోటోలతో వచ్చిన తొలి పుస్తకం అదే. మీ బకెట్‌కూ ఆమె తొట్టికీ తేడా నీళ్లు మాత్రమే.

ఈ కళ మన దేశానికి రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1840 నాటికే కలకత్తాలో కెమెరాల అమ్మకానికి ప్రకటన వేశారు. 1850లలో బొంబాయి, కలకత్తా, మద్రాసుల్లో ఫోటోగ్రఫీ సంఘాలు వెలిశాయి. మద్రాసు ప్రభుత్వం లినేయస్ ట్రైప్ అనే సైనికాధికారిని ఫోటోగ్రాఫరుగా నియమించింది. ఆయన తంజావూరు పెద్దగుడి అధిష్ఠానం (అడుగు పీఠం) చుట్టూ ఉన్న శాసనాలను ఇరవై ఒక్క ముక్కలుగా తీసి, అతికించి, పంతొమ్మిది అడుగుల పొడవైన బొమ్మ చేశాడు. మన తెలుగువాళ్లు ఆయనను తప్పక గుర్తుంచుకోవాల్సిన కారణం వేరే ఉంది. అమరావతి స్తూపం శిల్పాలు మద్రాసులో ఉన్నప్పుడు, 1858లో, ఒక్కొక్కటిగా ఫోటోలు తీసింది ఆయనే. మరుసటి ఏడాది వాటిలో చాలా భాగం ఓడెక్కి లండన్ వెళ్లిపోయాయి. కృష్ణాతీరం రాళ్లు మన గడ్డ మీద ఉండగా చూడాలంటే ఆ ఫోటోలే దిక్కు.

ఈలోగా 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ గాజుపలక మీద కొలోడియన్ అనే జిగట ద్రావణం పూసే పద్ధతి తెచ్చాడు. కాగితం నెగటివ్‌లో పీచు అడ్డు వచ్చేది. గాజులో ఆ బెడద లేదు. కాని పలక తడి ఆరక ముందే తీయాలి, ఆరక ముందే కడగాలి. మన ఎండలకు పది నిమిషాలు నిలిస్తే గొప్ప. ఫోటోగ్రాఫర్ ఎక్కడికి వెళ్లినా చీకటి గుడారం, మందుల సీసాలు, నీళ్ల కడవలు, మోసే కూలీలు వెంట వెళ్లాల్సిందే. 1871లో రిచర్డ్ మాడాక్స్ అనే వైద్యుడు జెలటిన్ పూసిన పొడి పలకకు దారి చూపాక ఆ బరువు దిగింది. పదేళ్లలో పలకలు పెట్టెల్లో అమ్మకానికొచ్చాయి.

సరిగ్గా ఈ మలుపులోనే మన ఊరి కథ మొదలవుతుంది. లాలా దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇందోర్‌లో ప్రజా పనుల శాఖలో ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టాడు. 1880ల మధ్యలో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచాడు. 1892లో హైదరాబాద్‌లో పర్దా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టి, దానిని ఒక ఇంగ్లిషు మహిళ చేతికి అప్పగించాడు. ఈ ఒక్క విషయం గురించి నేను గంటలు మాట్లాడగలను. అంతవరకు ఏ కెమెరా ముందూ నిలబడని ఆడవాళ్లు, ఎత్తైన గోడల మధ్య, మరో స్త్రీ ఎదుట మొదటిసారి ఫోటో దిగారు. 1894లో నిజాం ఆయనకు రాజా ముసవ్విర్ జంగ్ బహదూర్ అనే బిరుదు ఇచ్చాడు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. చిత్రం గీసేవాడికీ ఫోటో తీసేవాడికీ ఆ దర్బారు తేడా చూడలేదు.

దీన్‌దయాళ్ తీసిన చార్మినార్ ఫోటో తెరచి చూడండి. పెద్ద మ్యూజియాల, గ్రంథాలయాల వెబ్‌సైట్లలో ఆయన ఫోటోలు ఉన్నాయి. పెద్దవి చేసి చూడవచ్చు. తర్వాత ఒక పొద్దున్నే వెళ్లి ఆయన కెమెరా ఎక్కడ నిలబడి ఉంటుందో వెతకండి. మినార్ల మధ్య దూరం, గోపురాల వరుస ఫోటోలో ఉన్నట్టు కుదిరేదాకా అటూ ఇటూ జరగండి. కుదిరిన చోట నిలబడితే, ఆయన కెమెరా ఎంత ఎత్తులో ఉందో, వెలుగు ఏ వైపు నుంచి వచ్చిందో, ఏ వేళప్పుడు తీశాడో మీకే తెలిసిపోతుంది. ఇంత మంచి గురువు ఏ పుస్తకంలోనూ దొరకడు. ఆయన బషీర్‌బాగ్ ప్యాలెస్‌ను కూడా తీశాడు. ఇప్పుడు ఆ భవనం లేదు. పేట పేరు ఒక్కటే మిగిలింది. పాత దర్బారు ఫోటోలు కళ్లారా చూడాలనుకుంటే చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లండి. ఒక పూట కేటాయించుకొని వెళ్లండి.

దీన్‌దయాళ్ గాజు నెగటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. అన్నిటికీ ఆ అదృష్టం పట్టలేదు. నేను పనిచేసిన స్టూడియోలో మెట్ల కింద గదినిండా గాజుపలకలు ఉండేవి. నేను చేరిన రెండో ఏడాది, స్థలం ఇరుకైందని వాటిని పటాలు కట్టేవారికి అమ్మేశారు. దేవుడి పటాలకు ఆ గాజు బాగా పనికొచ్చేది. అమ్మేముందు శుభ్రం చేసే పని నాది. పెద్ద గంగాళంలో వేడినీళ్లు, చాకలి సోడా. పలక ముంచితే జెలటిన్ పొర ఉబ్బి, అంచు దగ్గర లేచి, చర్మంలా ఊడి వచ్చేది. ఒక పలకను ఎందుకో వెలుతురుకు ఎత్తి చూశాను. నల్లటి ముఖాలు, తెల్లటి జుట్టు. కొత్త పెళ్లికొడుకు, పెళ్లికూతురు. ఆమె పాపిటబిళ్ల గొలుసు ఒక్కొక్క లంకెతో సహా కనిపించింది. అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. దానినీ ముంచాను. రెండు రోజుల్లో నాలుగు వందలకు పైగా పలకలు కడిగాను. ఈ ఊరి ముఖాలు ఎన్ని ఆ నీళ్లలో కలిసి పోయాయో! నేను చరిత్ర చదవడం మొదలుపెట్టింది ఆ తర్వాతే. అందుకే పాతవి ఎవరి దగ్గర కనిపించినా ఆపి మరీ చెబుతుంటాను.

మిగతా కథ మీకు సులువుగానే పడుతుంది. 1888లో జార్జి ఈస్ట్‌మన్ కోడాక్ పెట్టె కెమెరా తెచ్చాడు. నూరు ఫోటోలు తీసి, కెమెరాతో సహా కంపెనీకి పంపితే కడిగి, మళ్లీ ఫిల్ము నింపి ఇచ్చేవారు. 1900లో బ్రౌనీ ఒక్క డాలరుకే వచ్చింది. పిల్లలు కూడా తీయడం మొదలుపెట్టారు. 1907లో లూమియేర్ సోదరులు బంగాళాదుంప పిండి రేణువులకు రంగులద్ది రంగుల ఫోటో తెచ్చారు. 1925లో సినిమా ఫిల్ముతో నడిచే చిన్న లైకా కెమెరా అమ్మకానికి వచ్చి ఫోటోగ్రాఫర్‌ను వీధిలోకి నడిపించింది. మన దేశంలో ఆ వీధి బాట పట్టిన తొలి మహిళా పత్రికా ఫోటోగ్రాఫర్ హోమాయి వ్యారావాలా. స్వాతంత్ర్య ఘట్టాలను ఆమె కెమెరాతో చూడటం ఒక పాఠం. 1975లో కోడాక్‌లోనే స్టీవెన్ సాసన్ తొలి డిజిటల్ కెమెరా తయారుచేశాడు. నూరు చుక్కలు ఇటు, నూరు చుక్కలు అటు, నలుపు తెలుపు బొమ్మ. దాన్ని క్యాసెట్ టేపు మీద ఎక్కించడానికి ఇరవై మూడు సెకన్లు పట్టేది. మీ రెండు ప్రశ్నలూ దీనికీ వర్తిస్తాయి చూడండి.

ఊళ్లో తిరగాల్సిన చోట్లు చెబుతాను. ఆదివారం ఉదయం ఆబిడ్స్ కాలిబాట మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఫోటోగ్రఫీ పుస్తకాలు, పాత విదేశీ పత్రికలు తక్కువ ధరకు దొరుకుతాయి. గురువారం జుమ్మేరాత్ బజార్‌లో పాత సామాన్ల మధ్య కెమెరాలు కనిపిస్తుంటాయి. పని చేయకపోయినా ఒకటి కొని విప్పి చూడండి. 2015లో మొదలైన ఇండియన్ ఫోటో ఫెస్టివల్ మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో జరుగుతోంది. తెరమీద కాక, గోడ మీద, అసలు పరిమాణంలో ఫోటో చూసే అవకాశం వదులుకోవద్దు. మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఫోటోగ్రఫీ డిగ్రీ ఉంది. మీరు చేరలేకపోయినా అక్కడి విద్యార్థుల ప్రదర్శనలకు వెళ్లవచ్చు.

చివరగా, బజారులోనో బంధువుల ఇంట్లోనో మీకు గాజు నెగటివ్ దొరికితే ఇలా చేయండి. అంచులు మాత్రమే పట్టుకోండి. వెలుతురుకు ఏటవాలుగా తిప్పితే ఒక వైపు నున్నగా, మరో వైపు మసకగా కనిపిస్తుంది. మసక వైపే బొమ్మ ఉంటుంది. అటు వేలు తగలనీయకండి. తడి గుడ్డతో తుడవకండి. రెండు పలకలు ఒకదానికొకటి ఒరుసుకోకుండా ఒక్కొక్కటీ మంచి తెల్లకాగితంలో చుట్టండి. పడుకోబెట్టి దొంతర వేస్తే బరువుకు కింది పలకలు పగులుతాయి కాబట్టి పొడవాటి అంచు మీద నిలబెట్టి పెట్టెలో ఉంచండి. పెట్టె మీద ఎవరి ఇంట్లో, ఏ తేదీన దొరికిందో, ఫోటోలో ఉన్నది ఎవరో పెన్సిల్‌తో రాయండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నప్పుడే ఆ పేర్లు అడిగి రాసుకోండి.